బండి స్టార్ట్ కాకపోతే: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో మోటార్‌సైకిల్ మొరాయింపు

పెట్రోల్ మోటార్‌సైకిల్ స్టార్ట్ కావాలంటే ఇంజన్‌కు మూడు అందాలి. గాలి, పెట్రోల్ సరైన పాళ్లలో కలిసిన మిశ్రమం ఒకటి; దాన్ని సిలిండర్‌లో గట్టిగా అదిమే కంప్రెషన్ రెండోది; ఆ అదుము పూర్తయ్యే వేళకు ప్లగ్గు మొన దగ్గర పుట్టే నిప్పురవ్వ మూడోది. వీటన్నిటికీ ముందు ఇంజన్‌ను ఒకటి రెండు చుట్లు తిప్పే బలం కావాలి: కాలితో కొట్టే కిక్కు, లేదా బొటనవేలితో నొక్కే సెల్ఫు. ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో "బండి స్టార్టయితలేదన్నా" అంటూ మెకానిక్ షెడ్డుకు తోసుకొచ్చే ప్రతి బండి లోపమూ ఈ నాలుగింటిలో ఏదో ఒక చోట దొరుకుతుంది. ఎక్కడ దొరుకుతుందన్నది మాత్రం చాలావరకు రెండు ప్రశ్నల మీద ఆధారపడుతుంది: బండి ఏ కాలంలో తయారైంది, ఎన్నాళ్లు కదలకుండా నిలిచింది?

ప్రాంతం, బండ్లు

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబర్ 11న పాత కరీంనగర్ జిల్లా నుంచి విడివడ్డాయి. జగిత్యాల జిల్లాలోని కోరుట్ల 63వ నంబర్ జాతీయ రహదారి మీద, జగిత్యాలకూ మెట్‌పల్లికీ నడుమ ఉంటుంది. మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్ల మరమగ్గాల ఊరు. అక్కడ రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోయే కార్మికుడికీ, కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు చేలకు పోయే రైతుకూ, జగిత్యాల దగ్గరి చల్‌గల్ మామిడి మార్కెట్‌కు తెల్లారేసరికి చేరుకోవాల్సిన వ్యాపారికీ బండి రోజువారీ అవసరం. కొత్త బండి కొంటే ముందు కొండగట్టు అంజన్న గుడికో, వేములవాడ రాజన్న గుడికో తీసుకుపోయి పూజ చేయించడం ఇక్కడ మామూలు.

ఈ ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత గల్ఫ్ వలస. దుబాయి, సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లకు కూలికి పోయినవాళ్లు లేని ఊరు ఈ రెండు జిల్లాల్లో అరుదు. రెండేళ్ల ఒప్పందం మీద పోయిన మనిషి సెలవు మీద తిరిగొచ్చేదాకా అతని బండి ఇంటి అరుగు పక్కనో, రేకుల కిందో గోనెపట్టా కప్పుకొని ఉండిపోతుంది. స్టార్ట్ కాని బండ్లలో ఇదొక ప్రత్యేకమైన తరగతి. దీన్ని విడిగా చూడాలి.

నంబర్ ప్లేటు చెప్పే సంగతి

పానా చేతిలోకి తీసుకోకముందే ప్లేటును బట్టి కొంత ఊహించవచ్చు. ఏపీ 15 అని ఉంటే అది పాత కరీంనగర్ జిల్లా బండి. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడ్డాక కరీంనగర్‌కు టీఎస్ 02 వచ్చింది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక జగిత్యాలకు టీఎస్ 21, రాజన్న సిరిసిల్లకు టీఎస్ 23 ఇచ్చారు. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది.

ఈ వరుసకు సమాంతరంగా ఇంజన్ చుట్టూ ఉండే సరంజామా కూడా మారుతూ వచ్చింది. ఏపీ 15 బండి అయితే, కొన్ని ఖరీదైన మోడళ్లను మినహాయిస్తే, కార్బురేటర్ బండి. 2017 ఏప్రిల్ 1న దేశమంతటా బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. ఇంజన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉండాలన్న నియమమూ ఆ రోజు నుంచే మొదలైంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక దాదాపు అన్ని కంపెనీలూ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. బజాజ్ ప్లాటినా వంటి కొన్ని చిన్న బండ్లు మాత్రం ఎలక్ట్రానిక్ కార్బురేటర్‌తో వచ్చాయి. అంటే టీఎస్ 21, టీఎస్ 23 ప్లేట్ల కింద రెండు తరాల బండ్లూ ఉంటాయి. టీజీ ప్లేటున్న కొత్త బండి బీఎస్-6దే అవుతుంది. వేరే జిల్లా నుంచి చేతులు మారి వచ్చిన సెకండ్‌హ్యాండ్ బండికి ఈ లెక్క పనికిరాదు. దానికి ఆర్‌సీలో ఉండే తయారీ నెల, సంవత్సరమే ఆధారం.

తేడా ఎక్కడంటే, కార్బురేటర్ బండికి పెట్రోల్ తన బరువుతోనే ట్యాంకు నుంచి కిందికి దిగుతుంది. ఇంజెక్షన్ బండిలో ట్యాంకులో ఉండే చిన్న విద్యుత్ పంపు దాన్ని ఒత్తిడితో పంపాలి. ఎంత పంపాలో ఇసియు అనే కంప్యూటరు లెక్కగట్టాలి. ఈ రెంటికీ బ్యాటరీ ప్రాణం. బ్యాటరీ పూర్తిగా పోయినా పాత స్ప్లెండర్ కిక్కుతో స్టార్టవుతుంది. కొత్తది అదే స్థితిలో ఎంత కొట్టినా లేవకపోవచ్చు.

కిక్కు నుంచి సెల్ఫు దాకా

1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్ చేసిన చెక్క బండికి ప్లగ్గే లేదు. మంటతో ఎర్రగా కాల్చిన లోహపు గొట్టం వేడికే మిశ్రమం అంటుకునేది. 1902లో బాష్ కంపెనీ ఇంజనీరు గాట్‌లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్క్ ప్లగ్గును తయారు చేశాక నిప్పురవ్వ నమ్మదగిన సాధనమైంది. తొలినాళ్లలో బండిని తోసుకుంటూ పరుగెత్తి, ఇంజన్ అంటుకోగానే ఎగిరి ఎక్కేవాళ్లు. ఆ తిప్పలు తగ్గించిన కిక్ స్టార్టర్‌ను ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ స్కాట్ 1908 ప్రాంతంలో తన బండ్లకు అమర్చాడు. 1914లో అమెరికాలోని ఇండియన్ కంపెనీ హెండీ స్పెషల్ అనే మోడల్‌కు ఎలక్ట్రిక్ స్టార్టర్ పెట్టింది కానీ, అప్పటి బ్యాటరీలు ఆ భారాన్ని తట్టుకోలేకపోయాయి. 1969 నాటి హోండా సీబీ750తో పెద్ద బండ్లలో సెల్ఫు స్థిరపడింది.

మన దేశంలో 1984లో వచ్చిన కైనెటిక్ హోండా స్కూటర్ సెల్ఫు సుఖాన్ని మామూలు జనానికి పరిచయం చేసింది. మోటార్‌సైకిళ్లలో మాత్రం చాలాకాలం కిక్కే రాజ్యమేలింది. రాజ్‌దూత్, మైసూరులో తయారైన జావా, యెజ్డీ, ఆ తర్వాత 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 టూ-స్ట్రోక్ బండ్లు. పెట్రోల్‌తోపాటు ఆయిల్ కూడా ఇంజన్‌లో కాలేది. అందుకే ప్లగ్గు మీద నల్లటి జిడ్డు పట్టడం వాటికి నిత్య సమస్య. జేబులో ఒక స్పేర్ ప్లగ్గు, సీటు కింద ప్లగ్గు పానా లేకుండా ఊరు దాటేవాళ్లు తక్కువ. 1985లోనే వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994 నాటి స్ప్లెండర్ ఫోర్-స్ట్రోక్ ఇంజన్లతో ఆ బాధను చాలావరకు తప్పించాయి. ఇప్పుడు కొన్ని మోడళ్లకు కిక్కు రాడ్డే రావడం లేదు.

ముందు చూడాల్సినవి

ఖర్చులేని కారణాలతో మొదలుపెట్టడం ఈ పనిలో మొదటి సూత్రం. హ్యాండిల్ కుడివైపు ఎర్ర కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉండిపోయిందా? బజారులో ఆపిన బండికి పిల్లలు దాన్ని నొక్కిపోవడం మామూలే. సైడ్ స్టాండ్ పూర్తిగా పైకి లేచిందా? కొత్త బండ్లలో చాలావాటికి స్టాండ్ దగ్గర స్విచ్ ఉంటుంది. బురద పట్టి అది ఇరుక్కుంటే స్టాండ్ తీసినా తీయనట్టే లెక్క. గేరు న్యూట్రల్‌లో ఉందా, లేదంటే క్లచ్ పూర్తిగా పట్టారా? కొన్ని మోడళ్లకు ఇది లేకుండా సెల్ఫు తిరగదు.

చాలా ఇంజెక్షన్ బండ్లలో ఒరుగు సెన్సర్ కూడా ఉంటుంది. బండి పక్కకు పడితే అది ఇంజన్‌ను ఆపేస్తుంది. లేపి నిలబెట్టాక తాళం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తేనే మళ్లీ స్టార్టవుతుంది. జారిపడి లేచినవాళ్లు ఈ సంగతి తెలియక కిక్కులు కొట్టి అలిసిపోతుంటారు.

తర్వాత పెట్రోల్. ఫ్యూయల్ మీటరును నమ్మకుండా ట్యాంకు మూత తీసి, బండిని అటూ ఇటూ ఊపి చూడాలి. కార్బురేటర్ బండికి ట్యాంకు కింద కాక్ ఉంటుంది: ఆన్, ఆఫ్, రిజర్వు. రిజర్వులో తిరిగిన బండికి పెట్రోల్ పోయించి కాక్‌ను ఆన్‌కు తిప్పడం మరిచిపోతే, తర్వాతిసారి రిజర్వు అంటూ మిగలదు. అప్పుడు ఊరవతల నిజంగానే ట్యాంకు ఖాళీ.

నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోతే

తాళం తిప్పితే న్యూట్రల్ లైటు కూడా వెలగకపోతే ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు, బ్యాటరీ, ఈ వరుసలో చూడాలి. టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే విప్పి, వేడినీళ్లతో కడిగి, తుడిచి బిగించాలి. చాలాసార్లు రోగం అక్కడే కుదురుతుంది. లైటు వెలిగి, బటన్ నొక్కితే 'టకటక' మని వరుసగా చప్పుడు వస్తే రిలే పనిచేస్తోంది, బ్యాటరీలో దమ్ము లేదు. ఒక్కసారి 'టక్' మని ఆగిపోతే సెల్ఫ్ మోటర్ కార్బన్ బ్రష్షులు, రిలే లోపలి కాంటాక్టులు, లేదా ఎర్త్ వైరు అనుమానించాలి. మోటర్ గిర్రున తిరుగుతున్నా ఇంజన్ తిరగకపోతే లోపం వన్‌వే క్లచ్‌లో ఉంది.

బండి బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కొక్కటి 2 వోల్టులకు కాస్త ఎక్కువ ఇస్తుంది. నిండుగా ఉన్న బ్యాటరీ మల్టీమీటరులో 12.6 నుంచి 12.8 వోల్టుల దాకా చూపిస్తుంది. 12కు దిగితే దాదాపు ఖాళీ. సెల్ఫు నొక్కినప్పుడు 10 కన్నా బాగా కిందికి పడిపోతే పైకి బాగున్నట్టు కనిపించినా లోపల పోయినట్టే. ఇంజన్ నడుస్తూ కాస్త రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 దాకా రాకపోతే తప్పు బ్యాటరీది కాదు, దాన్ని నింపే కాయిల్‌దో రెక్టిఫైయర్‌దో. ఈ పరీక్ష చేయకుండా కొత్త బ్యాటరీ వేస్తే అదీ కొద్ది రోజులకే పడుకుంటుంది. హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే బండిని ఊర్లోనే చిన్నచిన్న దూరాలకు తిప్పుతూ మాటిమాటికీ సెల్ఫు నొక్కితే, ఖర్చయినంత కరెంటు తిరిగి నిండదు.

బ్యాటరీ బలహీనంగా ఉన్నప్పుడు తోసి స్టార్ట్ చేయడం పాత ఉపాయం. తాళం ఆన్ చేసి, రెండో గేరు వేసి, క్లచ్ పట్టి, వేగం అందుకున్నాక క్లచ్ వదిలితే చక్రమే ఇంజన్‌ను తిప్పుతుంది. కార్బురేటర్ బండికి ఇది బాగా పనిచేస్తుంది. ఇంజెక్షన్ బండిలో పంపుకూ ఇసియుకూ సరిపడా కరెంటు మిగిలి ఉంటేనే ఫలితం. వేరే బండి బ్యాటరీతో జంపర్ తగిలించేటప్పుడు ముందు ప్లస్‌కు ప్లస్ కలిపి, నిలబడిన బండి వైపు మైనస్ వైరును బ్యాటరీకి దూరంగా ఇంజన్ లోహానికి తగిలించడం క్షేమం. ప్లస్, మైనస్ తారుమారైతే రెక్టిఫైయర్, ఇసియు కాలిపోవచ్చు.

తిరుగుతుంది, అంటుకోదు

ఇంజన్ చక్కగా తిరుగుతున్నా అంటుకోకపోతే మెకానిక్ చేయి ముందు ప్లగ్గు మీదికే పోతుంది. ప్లగ్గును విప్పి, క్యాప్ తగిలించి, దాని మర భాగాన్ని ఇంజన్ లోహానికి ఆనించి కిక్కు కొడితే మొన దగ్గర నీలిరంగు రవ్వ టపటపమని కనిపించాలి. పల్చగా, పసుపు ఎరుపు రంగులో వస్తే బలహీనం. అసలే రాకపోతే "కరెంట్ వస్తలేదు" అని తేల్చుతారు. ఈ పరీక్షలో మూడు జాగ్రత్తలున్నాయి. రవ్వకు వేల వోల్టులు ఉంటాయి కాబట్టి ప్లగ్గును చేత్తో తాకకూడదు. ప్లగ్గు రంధ్రం నుంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది కాబట్టి రవ్వను ఆ రంధ్రానికి దూరంగా ఉంచాలి. ప్లగ్గును లోహానికి ఆనించకుండా గాలిలో వదిలి ఇంజన్ తిప్పితే సీడీఐ లాంటి ఎలక్ట్రానిక్ భాగాలు దెబ్బతినవచ్చు.

విప్పిన ప్లగ్గు ముఖం చూస్తేనే సగం కథ తెలుస్తుంది. పెట్రోల్‌తో తడిగా ఉంటే ఇంజన్‌లోకి పెట్రోల్ వస్తోంది కానీ కాలడం లేదు. ఎండిపోయి ఉంటే పెట్రోలే అందడం లేదు. పొడిపొడిగా నల్ల మసి ఉంటే పెట్రోల్ పాలు ఎక్కువ, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుంది. జిడ్డు నలుపు ఉంటే రింగుల సందునో వాల్వు సీల్ నుంచో ఆయిల్ ఎక్కుతోంది. లేత గోధుమ రంగు ఆరోగ్యానికి గుర్తు. మొన దగ్గరి సందు మోడల్‌ను బట్టి 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అరిగి సందు పెరిగితే చల్లటి ఇంజన్‌లో రవ్వ దూకలేదు.

కొత్త ప్లగ్గు వేసినా రవ్వ రాకపోతే దారిలో వెనక్కి నడవాలి: ప్లగ్గు క్యాప్, హెచ్‌టీ వైరు, ఇగ్నిషన్ కాయిల్, సీడీఐ, మాగ్నెట్ దగ్గరి పికప్ కాయిల్. పాత రాజ్‌దూత్, యెజ్డీలకైతే పాయింట్లు. వాటి మీద మసి పట్టినా, సందు తప్పినా కరెంటు ఆగిపోతుంది. ఎమిరీ పేపరుతో రుద్ది, ఫీలర్ గేజ్‌తో సందు సరిచేస్తే బండి లేచి కూచుంటుంది. ఇంజెక్షన్ బండ్లలో పికప్ కాయిల్ స్థానంలో ఉండే క్రాంక్ సెన్సర్ పాడైతే రవ్వా రాదు, పెట్రోలూ రాదు. ఇంజన్ తిరుగుతోందన్న సంగతే కంప్యూటరుకు తెలియదు మరి.

పెట్రోల్ దారి

కార్బురేటర్ అడుగున ఫ్లోట్ గిన్నె ఉంటుంది, దానికి ఒక డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేస్తే పెట్రోల్ ధారగా రావాలి. చుక్కలు చుక్కలుగా వచ్చి ఆగిపోతే అడ్డం పైన ఉంది: కాక్ జాలీలో తుప్పు, నలిగిన పైపు, లేదా ట్యాంకు మూతలో మూసుకుపోయిన గాలి రంధ్రం. మూత తెరవగానే 'ఉస్' మని గాలి పీల్చి బండి స్టార్టయితే దొంగ ఆ మూతే. ధార బాగానే ఉండి ప్లగ్గు పొడిగా ఉంటే పైలట్ జెట్ మూసుకున్నట్టు. దాని రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం; కంటికి కనబడని నలుసు చాలు. దాన్ని సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై మైలేజీ దెబ్బతింటుంది. పెట్రోల్‌లో నానబెట్టి గాలి కొట్టడం సరైన పద్ధతి.

దీనికి ఎదురు సమస్య ఓవర్. చోక్ లాగి, రేజ్ ఇచ్చి, వరసగా కిక్కులు కొడితే సిలిండర్ పెట్రోల్‌తో తడిసిపోయి రవ్వ ఆరిపోతుంది. పెట్రోల్ వాసన గుప్పుమంటుంది. అప్పుడు చోక్ మూసి, తాళం ఆఫ్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టి ఏడెనిమిది కిక్కులు కొడితే తడి బయటికి పోతుంది. తర్వాత మామూలుగా ప్రయత్నించాలి. ఫ్లోట్ సూది ఇరుక్కుంటే ఏమీ చేయకున్నా పెట్రోల్ పొంగి, ఓవర్‌ఫ్లో పైపు నుంచి నేల మీద కారుతుంది.

ఇంజెక్షన్ బండికి చెవి ఒగ్గాలి. తాళం తిప్పగానే ట్యాంకు లోపల రెండు మూడు సెకన్లు 'జుయ్' మని పంపు శబ్దం వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజు, రిలే, పంపు అనుమానితులు. మీటరులో ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఆరకుండా ఉంటే కంప్యూటరు ఏదో తప్పు నమోదు చేసింది. కొన్ని మోడళ్లలో ఆ లైటు ఎన్నిసార్లు, ఎంతసేపు మిణుకుతుందో లెక్కబెట్టి సర్వీస్ పుస్తకంతో పోల్చుకోవచ్చు. మిగతావాటికి స్కానర్ తగిలించాలి. ఈ బండ్లలో పెట్రోల్ పూర్తిగా అయ్యేదాకా నడపడం మంచిది కాదు. పంపును చల్లగా ఉంచేది కూడా ఆ పెట్రోలే.

2023 ఫిబ్రవరిలో మన దేశంలో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోల్ 2025 నాటికి దాదాపు అన్ని బంకులకూ చేరింది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. వానలో ట్యాంకులోకి నీళ్లు దిగితే, ఒక హద్దు దాటాక ఇథనాల్ నీటితో కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. ఇంజన్ పీల్చేదీ ఆ అడుగునుంచే. ట్యాంకు నిండా ఉన్నా బండి లేవదు. కొంచెం పెట్రోల్‌ను గాజు సీసాలోకి పట్టి కాసేపు కదపకుండా ఉంచితే రెండు పొరలు కనబడతాయి. అప్పుడు ట్యాంకు మొత్తం ఖాళీ చేయడమే మార్గం.

కంప్రెషన్

కిక్కు రాడ్డు ఎదురు లేకుండా జర్రున దిగిపోతే కంప్రెషన్ లేదు. ప్లగ్గు తీసి ఆ రంధ్రానికి బొటనవేలు గట్టిగా అదిమి ఇంజన్ తిప్పితే గాలి వేలిని తోసేయాలి. తోయకపోతే కారణాలు కొన్నే: టాపెట్ సందు బిగిసి వాల్వు పూర్తిగా మూసుకోకపోవడం, వాల్వు కాలిపోవడం, రింగులు అరగడం, హెడ్ గ్యాస్కెట్ పోవడం, టైమింగ్ చైన్ తెగడం. టాపెట్ సర్దడం చిన్నపని. చల్లారిన ఇంజన్ మీద చేయాలి. మిగతావాటికి ఇంజన్ విప్పాలి, సిలిండర్ అరిగితే బోరు కొట్టించాలి. ప్లగ్గు రంధ్రంలో అర చెంచా ఇంజన్ ఆయిల్ వేసి మళ్లీ చూసినప్పుడు కంప్రెషన్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు అని మెకానిక్‌లు వేరుచేస్తారు.

దుబాయికి పోయినవాళ్ల బండి

ఏడాదో రెండేళ్లో నిలిచిన బండిలో ఒక్క లోపం ఉండదు, అన్నీ కలిసి ఉంటాయి. ఫ్లోట్ గిన్నెలోని పెట్రోల్‌లో తేలిక భాగం ఆవిరైపోయి, మిగిలింది గాలితో చర్య జరిపి జిగురులా జెట్లకు అతుక్కుంటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు పైభాగం తుప్పు పడుతుంది. వాడకుండా ఖాళీ అయిన బ్యాటరీ పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా ఎక్కదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకలు గూడు పెడతాయి, వైర్లు కొరుకుతాయి.

ఇలాంటి బండిని సెలవు మీద దిగినరోజే కిక్కులు కొట్టి లేపబోవడం తప్పు. పాత పెట్రోల్ తీసేసి, ట్యాంకు కడిగి, కార్బురేటర్ విప్పి శుభ్రం చేసి, ఇంజన్ ఆయిల్ మార్చాలి. ప్లగ్గు తీసి కొన్ని చుక్కల ఆయిల్ వేసి, ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పితే ఎండిన సిలిండర్ గోడలకు తడి అందుతుంది. బ్రేకులు, టైర్ల గాలి, కేబుళ్లు చూశాకే రోడ్డెక్కాలి. బీమా గడువు కూడా ఈలోపు దాటిపోయి ఉండవచ్చు.

పోయేముందు చేసే ఏర్పాటు దీనికన్నా చాలా సులభం. ట్యాంకు నిండుగా నింపి, కాక్ ఆఫ్ చేసి, కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోల్ అయ్యేదాకా ఇంజన్ నడపాలి; బ్యాటరీ వైర్లు విప్పాలి; డబుల్ స్టాండ్ వేయాలి. ఇంట్లో ఎవరైనా పదిహేను రోజులకోసారి బండిని ఐదారు కిలోమీటర్లు తిప్పితే ఇంకా మేలు. నిలబెట్టిన చోటే రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే బ్యాటరీ నిండదు సరికదా, సైలెన్సర్‌లో నీటి తేమ మిగిలి తుప్పుకు దారి తీస్తుంది.

ఎండ, వాన, చలి

మే నెలలో జగిత్యాల జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే మరగడం మొదలెడతాయి. దూరం నడిచి ఆగిన కార్బురేటర్ బండి ఇంజన్ వేడికి పెట్రోల్ పొంగి ఆవిరై, పది నిమిషాలకు స్టార్ట్ చేస్తే మొరాయిస్తుంది. నీడకు చేర్చి చల్లారనిస్తే చాలు. అదే ఎండ బ్యాటరీ ఆయుష్షునూ తగ్గిస్తుంది. నీళ్లు పోసే రకమైతే వేసవిలో డిస్టిల్డ్ వాటర్ మట్టం తరచుగా చూడాలి. డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది. అప్పుడు చోక్ అవసరం. ఇంజెక్షన్ బండ్లకు చోక్ ఉండదు, ఆ పని ఉష్ణోగ్రత సెన్సర్ చూసుకుంటుంది.

వాన వేరే కథ. ప్లగ్గు క్యాప్‌లో నీరు దిగితే కరెంటు దారి తప్పి ఇంజన్ లోహంలోకి పోతుంది. క్యాప్ తీసి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. మునిగిన బండికి మాత్రం ఇది చాలదు. 2021 సెప్టెంబర్ 7న కురిసిన భారీ వర్షానికి సిరిసిల్ల పట్టణంలో రోడ్లు, కాలనీలు నీట మునిగాయి. అలాంటప్పుడు నీళ్లలోంచి తీసిన బండికి సెల్ఫు నొక్కడం, కిక్కు కొట్టడం, తోయడం మూడూ ప్రమాదమే. గాలిలా నీరు అదిమితే అణగదు. సిలిండర్‌లో నీళ్లుండగా పిస్టన్ పైకొస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు బ్యాటరీ విప్పాలి, ప్లగ్గు తీసి నీళ్లు బయటికి పంపాలి, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ ఖాళీ చేయాలి. ఇంజన్ ఆయిల్ పాలు కలిసిన చాయ్ రంగులోకి మారితే లోపలికి నీరు చేరినట్టే. అది తీసేసి కొత్తది వేసి, కాసేపు నడిపి మళ్లీ మార్చాలి.

షెడ్డు, షోరూము, కొత్త తరం

ఈ పట్టణాల్లో మెకానిక్‌లు రెండు దారుల్లో తయారవుతారు. ఎక్కువమంది చిన్నప్పుడే షెడ్డులో ఉస్తాద్ దగ్గర పానాలు అందిస్తూ నేర్చుకున్నవాళ్లు. కొందరు ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ కోర్సు చదివి వస్తారు. శబ్దం విని, ప్లగ్గు చూసి లోపం పట్టే ఉస్తాదుల విద్య కార్బురేటర్ బండ్లకు సరిగ్గా అమరుతుంది. ఇంజెక్షన్ బండి వచ్చాక మల్టీమీటరు, స్కానర్, వైరింగ్ పటం తోడు కావాలి. వారంటీలో ఉన్న బండి వైరింగ్‌ను బయట కోయించి హారన్లు, లైట్లు తగిలిస్తే, ఆ అతుకుల దగ్గరే తర్వాత షార్టయి ఫ్యూజు కొట్టేస్తుంది; వారంటీ హక్కు కూడా పోవచ్చు.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించాక ఈ ఊళ్ల రోడ్ల మీదా అవి పెరుగుతున్నాయి. వాటికి ప్లగ్గు లేదు, పెట్రోల్ లేదు, కంప్రెషన్ లేదు. అయినా మొరాయింపు పోలేదు: సైడ్ స్టాండ్ స్విచ్ ఇరుక్కున్నా, బ్రేకు పట్టకుండా బటన్ నొక్కినా కదలవు. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, కంట్రోలర్‌ను మేల్కొలిపే చిన్న 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతే కొన్ని మోడళ్లలో తెర కూడా వెలగదు. అప్పుడు చేయాల్సిన మొదటి పని స్ప్లెండర్‌కు చేసేదే: ఆ చిన్న బ్యాటరీ టెర్మినళ్లకు మల్టీమీటరు ఆనించి వోల్టులు చూడటం.